కాలువలు కట్టేశాక హిమాలయం

మా వైపు కొండ అన్నది లేదు. బాపట్ల నుంచి తెనాలి దాకా, తెనాలి నుంచి రేపల్లె దాకా రైల్లో కూర్చుంటే కిటికీలోంచి వరి చేలు తప్ప కనిపించేది లేదు. కాలువ గట్టే మాకు ఎత్తు. అలాంటి చోట ముగ్గురు పెద్దమనుషులు మూడేళ్లపాటు ప్రతి ఆదివారం హిమాలయాలు ఎక్కారు. తెనాలిలో మా మేనమామ ఇంటి వరండాలో, టిఫిన్ తిని, కాఫీ తాగి, పడక కుర్చీల్లో కూర్చుని ఎక్కారు.

ఇది డెబ్బైల మొదట్లో సంగతి. మావయ్య తెనాలిలో ప్లీడరు. రెండో ఆయన చెరుకుపల్లి దగ్గర పొలాలూ ఒక రైసుమిల్లూ ఉన్న ఆసామి. మూడో ఆయన హైస్కూల్లో సంస్కృతం చెప్పే పంతులుగారు. బదరీ దారిలో పక్కకు తిరిగి, రానూపోనూ నాలుగు రోజులు నడవగలిగితే కొండల నడుమ ఒక పూల లోయ చూడవచ్చని మావయ్య ఎక్కడో చదివాడు. ఇక చూడండి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ ఆదివారమే యాత్రకు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి తయారయ్యారు. ముగ్గురికీ మూడు పదవులు.

వాళ్లను చూసి నవ్వుకుని ఊరుకునేదాన్నే, కానీ నాకూ ఆ లోయతో పని ఉంది. నేను బాపట్లలో ఒక కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. మా ల్యాబ్ బీరువాలో అట్టకు అంటించిన ఒక ఎండు పువ్వు ఉండేది. హిమాలయాల్లో పెరిగే నీలి గసగసాల పువ్వు అది. నీలం అని కింద రాసి ఉంది, పువ్వు మాత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగిపోయింది. ఏటా పిల్లలకు దాన్ని చూపించి ఇది నీలం అని చెప్పేదాన్ని. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం నాకు సిగ్గుగా ఉండేది. ఒక్కసారి మొక్క మీద ఉండగా ఆ నీలం చూడాలి. అంతకంటే నేను ఎవరినీ ఏమీ అడగలేదు. పెళ్లికాని పిల్ల ఒంటరిగా అంత దూరం వెళ్లడానికి మా అమ్మ ఒప్పుకోదు. మావయ్య వెంట అయితే సరేనంది. అందుకని ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి తెనాలి వచ్చి, వరండాలో ఒక మూల కూర్చుని వాళ్ల మాటలు వినేదాన్ని.

వాళ్ల మాటలు కోటలు దాటేవి. కాళ్లు మాత్రం గడప దాటేవి కావు. లోయలో పులులుంటాయా అన్నదాని మీద ఒక నెల నడిచింది. ఆవకాయ జాడీలో పెట్టాలా డబ్బాలో పెట్టాలా అన్నదాని మీద ఇంకో నెల. జాడీ పగులుతుందని ఒకరు, డబ్బా చిలుము పడుతుందని ఒకరు. చివరికి రెండూ పట్టుకెళదామన్నారు. ఆ లోపల మా అత్తయ్య వంటింట్లో పెసరట్లు పోస్తూనే ఉండేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. వీళ్లు మూడేళ్లు కూర్చుని తిన్నా ఆ హిమాలయం ఎందుకు కరగలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నడక అలవాటు కావాలని ఒకసారి రేపల్లె నుంచి పెనుమూడి రేవు దాకా కృష్ణ కరకట్ట మీద నడిచారు. వెళ్లేటప్పుడు నడిచారు. వచ్చేటప్పుడు ముగ్గురూ ఒంటెద్దు బండి కట్టించుకుని వచ్చారు. ఎక్కడం అలవాటు కావాలంటే ఎక్కడానికి ఏముంది? తెనాలి రైల్వే స్టేషన్లో వంతెన ఉంది. పొద్దున్నే మఫ్లర్లు చుట్టుకుని, మంకీ క్యాపులు పెట్టుకుని, బెడ్డింగులు భుజాన వేసుకుని ఆ మెట్లెక్కి అవతలికి దిగి, మళ్లీ ఎక్కి ఇవతలికి దిగేవాళ్లు. ఒక పోర్టరు జాలిపడి, మీ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో నేను చెబుతాను, ఊరికే తిరగకండి అన్నాడట. ఇది ఆసామిగారే చెప్పి నవ్వాడు. ఆయనలో నాకు నచ్చింది ఆ ఒక్క నవ్వే.

మూడో ఏడు నిజంగానే ముహూర్తం పెట్టారు. వైశాఖంలో. నేను ఉండబట్టలేక నోరు తెరిచాను. అప్పటికి అక్కడ ఇంకా మంచు కరగదని, వానలు పడ్డాక శ్రావణంలో గానీ పూలు పూయవని చెప్పాను. నేను చదువుకున్న చదువు అది. ముగ్గురూ నా వంక చూసిన చూపు మర్చిపోలేను.

"శ్రావణంలో నాట్లు వదిలిపెట్టి ఎవడొస్తాడమ్మాయ్? ఎవరన్నా కాలువలు కట్టేశాక వెళతారు గానీ," అన్నాడు ఆసామి.

అదీ వాళ్ల పంచాంగం. ఎండాకాలం కాలువలకు నీళ్లు కట్టేస్తారు, పొలంలో పనుండదు. కోర్టుకు సెలవులు, బడికి సెలవులు. డెల్టాలో తీరిక ఎప్పుడైతే హిమాలయంలో పూలు అప్పుడు పూసి తీరాలి. మా కృష్ణ కాలువ లాకులు ఎత్తేదాన్ని బట్టి ప్రపంచంలో ఋతువులు మారతాయని ఆ వరండాలో ఎవరికీ అనుమానం లేదు. ఎండల్లో పూలు పూయవని ఎవరన్నారు, మల్లెలు పూయడం లేదా అని పంతులుగారు నన్నే అడిగారు.

అయినా వెళదామనే అనుకున్నాను. పువ్వు లేకపోయినా మొక్కయినా మంచు కింద నుంచి తల ఎత్తకపోతుందా అని ఆశ. టిక్కెట్లు కొనేముందు పంతులుగారికి మడి గుర్తొచ్చింది. దారిలో మడి లేకుండా ఎవరు వండినా తినరాయన. నాలుగు రోజులూ మడికట్టుకుని వంట చేయగలవా అని మావయ్య నన్ను అడిగాడు. నేను పూలు చూడటానికి వస్తున్నాను మావయ్యా అన్నాను. మర్నాడు నా బదులు ఒక వంటవాడికి టిక్కెట్టు కొన్నారు. మూడేళ్లు ఆ గోడకు ఆనుకుని కూర్చున్న నాకు ఆ సంగతి అత్తయ్య చెబితే తెలిసింది. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అత్తయ్య వాళ్ల కోసం దంచుతున్న కందిపొడి రోకలి పక్కన పెట్టేసింది.

వెళ్లారు, వచ్చారు. ముక్కుల మీద తోలు ఊడింది. జాడీ హరిద్వారం దాటకుండానే పగిలిందట. లోయ సంగతి అడిగితే మావయ్య కళ్లు మూసుకుని, అది మాటల్లో చెప్పేది కాదమ్మాయ్ అన్నాడు. వంటవాడు మాత్రం పెరట్లో అత్తయ్యకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మొదటి రోజు నడకలోనే మోకాటి లోతు మంచు అడ్డం వచ్చింది, ముగ్గురూ అక్కడే నిలబడి దణ్ణం పెట్టి వెనక్కి తిరిగారు. లోయ చూడలేదు.

ఆపైన సన్మానం. తెనాలిలో హాలు మాట్లాడారు. శాలువాలు, దండలు, మావయ్య ప్రసంగం. ప్రసంగంలో చెప్పడానికి అక్కడి పూల పేర్లు, శాస్త్రీయంగా ఉండేవి, నాలుగు రాసివ్వమని నన్నే అడిగాడు. ఎంత ధైర్యం చూడండి. రాసిచ్చాను. అవి మా మురుగు కాలవల్లోనూ గట్ల మీదా పెరిగే కలుపు మొక్కలవి. మావయ్య మైకు ముందు నిలబడి, ఐకోర్నియా క్రాసిపెస్ అనే ఊదారంగు పువ్వు ఆ మంచు నడుమ దేవతలా మెరిసిపోయిందన్నాడు. అది గుర్రపుడెక్క. హాలు వెనక కాలవ నిండా అదే. ఎకిరాంథిస్ ఆస్పెరా సువాసనకు మైమరచిపోయామన్నాడు. అది ఉత్తరేణి. ఏటా వినాయక చవితికి దాన్ని పత్రిలో వేసి పూజ చేయించే పంతులుగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఊపులో మావయ్య ఇంకో మాట కూడా అన్నాడు. దారి బహు సులువు, మన ఆడవాళ్లు సైతం హాయిగా వెళ్లి రావచ్చు అన్నాడు.

ఇంటికి అత్తయ్యా నేనూ రిక్షాలో వచ్చాం. అత్తయ్య చదివింది ఐదో క్లాసు. బోసురోడ్డు మలుపు తిరిగాక నెమ్మదిగా అంది.

"ఆ ఎకిరాంథిస్ మన పెరట్లో ఉత్తరేణేగా. పరీక్షలప్పుడు మా ఇంట్లో ఉండి నువ్వు వల్లె వేస్తుంటే పప్పు రుబ్బుతూ వినేదాన్ని."

నేను నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. మంచు లేనప్పుడు ఆ పూలు ఏ నెలలో ఉంటాయని అడిగింది. శ్రావణమన్నాను.

ఆషాఢం చివర్లో అత్తయ్య వరండాలోకి వచ్చి, ఆ ముగ్గురూ ఉండగానే, నేనూ అమ్మాయీ ఆ లోయకు వెళ్లొస్తాం అని చెప్పింది. మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం పెట్టుకుని ఇల్లాలు ఇల్లు వదలడమేంటన్నాడు. వ్రతం అక్కడే చేసుకుంటాను, పూలకు కొదవలేదటగా అంది అత్తయ్య. మావయ్య ఇంకో అడ్డం వేశాడు.

"ఇద్దరూ ఆడవాళ్లు. దారి ఎవరు చూపిస్తారే మీకు?"

"మీరు హాల్లో ఊరందరికీ చూపించారుగదండీ," అంది అత్తయ్య.

ఆసామి తల వంచుకున్నాడు. పంతులుగారు కండువా సర్దుకున్నారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే మోకాటి లోతు మంచు బయటికొస్తుంది. మావయ్య మర్నాడు తనే స్టేషన్‌కు వెళ్లి రెండు టిక్కెట్లు తెచ్చాడు.

అత్తయ్య వెంటేగా అని అమ్మ సరేనంది, కాలేజీకి సెలవు పెట్టాను. వానలో తడిసి, ఒక చోట కంచర గాడిద ఎక్కి, ఒక చోట జారిపడి, వెళ్లాం. పువ్వు చూశాను. ఆ నీలం ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పాలని ఎంతో ప్రయత్నించి, తర్వాత మానేశాను. అత్తయ్య ఆ లోయంతా కలయజూసి, ఇన్ని పూలున్నాయి గానీ మాల కట్టడానికి ఒక్కదానికీ సరైన కాడ లేదంది. శుక్రవారం నాడు రాతి మీద పసుపు ముద్ద పెట్టి వ్రతం చేసుకుంది. పువ్వు ఒక్కటీ కోయలేదు.

తిరిగొచ్చాక మాకెవరూ హాలు మాట్లాడలేదు. మావయ్య మాత్రం మూడు సాయంత్రాలు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నీ అడిగాడు. ఏ పువ్వు ఏ రంగు, నీళ్లు ఎటు పారతాయి, పొద్దున పొగమంచు ఎప్పుడు విడుతుంది. పాపం, పశ్చాత్తాపపడ్డాడనుకుని నేను పూస గుచ్చినట్టు చెప్పాను.

ఆ చలికాలం రేపల్లెలో ఆయన ప్రసంగం పెట్టారు. అత్తయ్యా నేనూ మూడో వరసలో కూర్చున్నాం. ఈసారి పూల పేర్లన్నీ సరిగ్గా చెప్పాడు. నీలిపువ్వు గురించి నేను చెప్పిన మాటలు అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. మాల కట్టడానికి కాడ లేదన్న మాట కూడా చెబితే జనం నవ్వారు. వెళ్లింది తనే అన్న ఒక్క ముక్క తప్ప ఆ రోజు ఆయన అబద్ధమే ఆడలేదు. శాలువా కప్పారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, బండి టైమవుతోంది పద అని లేచింది.