శభాష్ అని తట్టినందుకు

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డి వైపు మగపిల్లవాడి విలువను మార్కులతో కాక మెడ లావుతో కొలిచేవారు. నా మార్కుల సంగతి తెలిసినవాళ్లంతా నా మెడనే మెచ్చుకునేవారు. కామారెడ్డి ఇంకా జిల్లా కాలేదు, నాకింకా పొట్ట రాలేదు. మా మేనమామ పేరున్న పైల్వాన్. బిచ్కుంద, నిజాంసాగర్ జాతర్లలో కుస్తీలు పట్టి గెలిచిన వెండి కడేన్ని కుడిచేతికి వేసుకుని, స్నానానికి కూడా తీసేవాడు కాదు. (మా దగ్గర మొదటి కుస్తీకి బహుమతి కొబ్బరికాయ, ఆఖరు కుస్తీకి వెండి కడెం. నేను అప్పటిదాకా కొబ్బరికాయలే గెలిచాను. వాటితో మా అవ్వ పచ్చడి నూరేది.) ఆ కడెం ఎప్పటికైనా నా చేతికి రావాలని నా ఆశ. అడిగితే మామ, "గెల్సి తీస్కోవాలె అల్లుడా, అడిగి కాదు" అనేవాడు.

అలాంటి సమయంలో కామారెడ్డిలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీ అని ఒక కరపత్రం వచ్చింది. కరాటేవాళ్లు, బాక్సింగ్‌వాళ్లు, కుస్తీవాళ్లు ఎవరైనా రావచ్చట. మామ దాన్ని రెండువైపులా తిప్పి చూసి, "అంటే కిచిడీ అన్నట్టు. కిచిడీల గూడ బియ్యం బియ్యమే గద. పోదాం పా" అన్నాడు. జీపు మాట్లాడుకుని పద్నాలుగు మందిమి ఎక్కాం. తాడ్వాయిలో చాయ్ తాగడానికి ఆగినప్పుడే, నేను గెలిచేసినట్టు మావాళ్లు హోటలాయనకు చెప్పేశారు.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్లి మంటపం వేసేచోట నీలం రంగు పరుపులు పరిచి, చుట్టూ కోళ్ల ఫారానికి కట్టే జాలి కట్టారు. "గిందుల మనుషులను ఇడుస్తరా, కోళ్లనా" అని మామ గట్టిగానే అడిగాడు. లంగోటీతో దిగుతానంటే ఒప్పుకోక, నాకో నిక్కరు ఇచ్చారు. అది ఇంకొక మనిషికి కూడా చోటున్నంత వదులు. రిఫరీ నిబంధనలు చదువుతున్నంతసేపూ నేను ఆ నిక్కరు నాడాతో కుస్తీ పడుతున్నాను. నాతో తలపడే జోడీగా వచ్చినవాడు కామారెడ్డి కాలేజీలో చదివే కరాటే పిల్లవాడు, సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉన్నాడు. "జర మెల్లగ ఎత్తెయ్ అల్లుడా, పాపం ఎవలో కన్న కొడుకు" అన్నాడు మామ. అని ఊరుకోలేదు. జాతర కుస్తీల్లో ఏదైనా జోడీ మీద మనసుపడ్డ పెద్దమనిషి లేచి తన సొంత బహుమతి ప్రకటించడం మా ఆనవాయితీ. మామ తిన్నగా వెళ్లి మైకు అందుకుని, "ఈ జోడీల గెల్సినోనికి నా చేతి కడెం" అన్నాడు.

మొదటి నిమిషమంతా ఆ పిల్లవాడు నా తొడ మీద తన్నుతూనే ఉన్నాడు. రెండో నిమిషంలో నడుము దొరికింది. ఎత్తి దబ్బున వీపు మీద పడేశాను. కుస్తీలో వీపు నేలకు తగిలిందంటే ఇక ఆట ముగిసినట్టే. మా పద్నాలుగు మందిలో నేను పోగా మిగిలిన పదముగ్గురూ ఈలలు వేశారు. నేను మామ వైపు తిరిగి, వంగి, పరుపును తాకి కళ్లకద్దుకున్నాను. (మట్టి లేదు మరి.) అంతలో వెనకనుంచి నా మెడ చుట్టూ ఒక చేయి పడింది. ఓడినవాడు వచ్చి గెలిచినవాణ్ని అలుముకోవడం మా దగ్గర మర్యాద. కామారెడ్డి పిల్లలకు కూడా ఎంత సంస్కారం అనుకున్నాను. పట్టు కాస్త గట్టిగానే ఉంది, ఓడిన బాధ ఉంటుంది కదా అని సర్దుకున్నాను. ఊపిరి ఆడకపోయినా మర్యాద తప్పకూడదని, శభాష్ తమ్మీ అన్నట్టు అతని చేతి మీద రెండుసార్లు తట్టాను. వెంటనే వదిలేశాడు. రిఫరీ వచ్చి అతని చేయి పైకెత్తాడు.

"రెండుసార్లు కొడితె ఓడిన్నని ఒప్పుకున్నట్టు. మొదలే సదివిన" అన్నాడు రిఫరీ.

"నేను శభాష్ అని తట్టిన సార్."

"శభాష్‌కు మా రూల్స్‌ల జాగ లేదు తమ్మీ. వీపు తగిల్తె ఆట ఆగుతదని గూడ లేదు."

మావాళ్లు జీపు డ్రైవరుతో సహా లేచారు. మామ అందరినీ కూర్చోమని చెయ్యి ఊపి, రిఫరీని ఒకటే అడిగాడు. "నువ్వు సదివేటప్పుడు మావోడు ఏం జేస్తుండె?"

"నాడా కట్టుకుంటుండె కాకా."

మామ వెంటనే కడెం తియ్యబోయాడు. అది రాలేదు. ఏళ్ల తరబడి తీయని కడెం, సబ్బు తెప్పించి, నీళ్లు పోసి, ముగ్గురు పట్టి లాగితే గానీ ఊడలేదు. ఆ పిల్లవాడు భయపడిపోయి, "వద్దు కాకా. అన్న ఎత్తేసినప్పుడు నా పానం పోయిందనుకున్న" అన్నాడు.

"మైకుల జెప్పిన బిడ్డా. జెప్పినంక అది నాది గాదు" అని మామే తొడిగాడు. అది వాడి మోచేయి దాకా జారిపోయింది. మామ మణికట్టు మీద ఆ కడెం ఉన్నంత మేర తెల్లగా మిగిలింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేకపోయాను. తిరిగి వస్తుంటే తాడ్వాయిలో ఎవరూ చాయ్ అడగలేదు. డ్రైవరు ఆ హోటల్ ముందు జీపును ఇంకొంచెం వేగంగా పోనిచ్చాడు.

ఇప్పుడు నాకు ఎల్లారెడ్డిలో విత్తనాల దుకాణం ఉంది, దానికి తగ్గ పొట్టా ఉంది. సాయంత్రం నేను చాపమీద కూర్చుని అన్నం తింటుంటే మా ఆరేళ్ల బిడ్డ వెనకనుంచి వచ్చి మెడ పట్టుకుని వేలాడుతుంది. నా చేయి దానంతటదే లేస్తుంది, గాలిలో ఒక క్షణం ఆగుతుంది. ఆ తర్వాత దాని చిన్న చేతి మీద రెండుసార్లు తడతాను. గడప దగ్గర కుర్చీలో కూర్చున్న మామ బోసి మణికట్టు రుద్దుకుంటూ, "మల్ల ఓడినవ్ రా అల్లుడా" అంటాడు.

"అవ్ మామా" అంటాను. ఈసారి మాత్రం రూల్స్ తెలిసే తట్టాను.