ఒకటో తరగతికి టీసీ లేదు

1991. బోధన్ దగ్గర ఓ ఊరి ప్రాథమిక పాఠశాల. నాకు ఉద్యోగంలో మూడో ఏడు. గొంతు పెంచితే చాలు, క్లాసు అదుపులో ఉంటుందనుకునే రోజులవి.

నా ఒకటో తరగతిలో సుజాత అని ఆరేళ్ల పిల్ల. షుగర్ ఫ్యాక్టరీ పదకొండు గంటల సైరన్ మోగగానే పలక అక్కడే పడేసి బయటికి పరుగెత్తేది. అడ్డం వెళ్లిన పిల్లల్ని కరిచేది. ఒకరోజు విసుగొచ్చి తలుపు గడియ పెట్టేశాను. అబ్బ, ఏం కరిచిందండీ నా చెయ్యి! ఒళ్లు మండిపోయి, ఆ పిల్లకు టీసీ ఇచ్చేయమని హెడ్మాస్టరుకు రాసిచ్చాను. టీసీ అంటే బడి మారేవాళ్లకిచ్చే సర్టిఫికెట్. మేం దాన్ని పిల్లల్ని వదిలించుకోవడానికి కూడా వాడేవాళ్లం.

"ఇచ్చేద్దాం మేడం, పీడ పోతది" అని ఆయన సంతకం పెట్టేశారు.

తల్లిని రమ్మని రెండుసార్లు కబురు పెట్టినా రాలేదు. మూడోరోజు సైరన్ మోగగానే టీసీ పట్టుకుని నేనే సుజాత వెంట పడ్డాను. ఇంటి దగ్గర తల్లి బీడీల గంపతో ఎదురైంది.

"సైరన్ కొట్టంగనే బీడీల కార్ఖానాకు ఉరకాలె మేడం. ఆలస్యమైతే బీడీలు తీసుకోరు. మా ఆయన చెరుకు కొట్టుడుకు పోతడు. నేనొచ్చేదాంక చిన్నదాన్ని గిదే సూస్తది. మొన్న ఒక్కనాడు గిది రాకపాయె. చిన్నది పాక్కుంటపోయి పొయ్యిల చెయ్యి వెట్టింది."

పసిదాని చేతికి గుడ్డ కట్టు ఉంది. ఆ 'మొన్న' ఏ రోజో నాకు తెలుసు.

సుజాత చెల్లెల్ని ఎత్తుకుని, "తలుపు ముయ్యకుండ్రి మేడం. నేనిగ కరవ" అంది. దాని ముందే ఏడ్చేశాను.

"గా కాగితం ఏంది మేడం?" అని తల్లి అడిగింది.

"ఏం లేదమ్మా. రేపటి నుంచి చిన్నదాన్ని కూడా బడికి పంపు."

మర్నాడు క్లాసులో వాసానికి నా పాత చీరతో ఉయ్యాల కట్టాను. హెడ్మాస్టరు చూసి, "ఇది బడా, అంగన్‌వాడీనా మేడం?" అన్నారు.

"ఏదన్న అనుకోండ్రి సార్. నా పిల్ల మాత్రం కదలదు."

ఆయనకు చేతి కట్టు సంగతి చెప్పాను. ఆ సాయంత్రమే ఆర్డర్ బుక్కులో రాశారు: టీచరు ఇంటికి వెళ్లి చూసి రానిదే ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. వెళ్లి చూసొచ్చిన ఏ టీచరూ మళ్లీ టీసీ అడగలేదు. చిన్నపిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని చాలా ఏళ్లకు చట్టమే వచ్చింది. మాకు అప్పటికే అది పాత అలవాటు. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను. సుజాత ఐదో తరగతి దాకా మా దగ్గరే చదివింది. మళ్లీ ఎవరినీ కరవలేదు.

ఆ టీసీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కారణం అన్నచోట 'పిల్లల్ని కరుస్తుంది' అని నా చేతిరాత. గడియ పెట్టింది ఎవరో మాత్రం అందులో రాయలేదు.