చెవి మార్చిన రోజు

ఇంజను కొట్టుకుంటోందంటే మేస్త్రీ ఎవరినీ నోరెత్తనివ్వడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడిని కుడిచెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుంటాడు. ఒక్కసారే వింటాడు, రెండోసారి వినేవాడు మెకానిక్కే కాడంటాడు. ఆ రోజు వచ్చిన కారు ఇంజను మాత్రం, తను వేలు పట్టుకుని పని నేర్పిన బావమరిది మొన్ననే విప్పి బిగించింది. ఇంజను అడుగున, సరిగ్గా బేరింగు దగ్గర, టకటకమంటోంది.

“బేరింగులు కొత్తవే వేశావుగా?”

“నీమీదొట్టు బావా, కొత్తవే!”

మేస్త్రీ పిడిని ఎడమచెవికి మార్చి మళ్లీ విన్నాడు. అరిగిన పాత బేరింగు మళ్లీ అదే మాట చెప్పింది.

“ఒట్టు తీసి గట్టున పెట్టి, ఇంజను ఆపు.”

ఇంజను ఆగింది. మేస్త్రీ మాత్రం కళ్లు తెరవలేదు, పిడిని చెవి నుంచి తియ్యలేదు. తీస్తే బావమరిది మొహం చూడాలి.