తలుపు బయట వడ్డన

హోటల్లో వడ్డించడం నేను నేర్చుకున్నది ఫోన్లో. ఇక్కడ బెంగాల్లో, సాల్ట్ లేక్‌లోని శిక్షణ కేంద్రానికి పట్టుమని పది రోజులు వెళ్ళానో లేదో, లాక్‌డౌన్ వచ్చి తలుపులు మూసేశారు. చివరికి ప్రాక్టికల్ పరీక్ష కూడా లిలువాలో మా రైల్వే క్వార్టర్లోనే జరిగింది. అమ్మ ఫోన్ పట్టుకుంది. నాన్న అతిథి. పాసైతేనే హోటల్లో ఉద్యోగం.

నేను ఎడమ పక్క నుంచి వంగి, "సర్, అన్నం వడ్డించమంటారా?" అని హిందీలో అడిగాను.

"ఓర్నాయనో, ఏటే ఈ మర్యాద! కన్నతండ్రిని సర్ అంతావేటి?" అన్నాడు నాన్న.

అమ్మ నవ్వాపుకోలేక ఫోన్ ఊపేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పరీక్ష చూస్తున్న మాస్టారికి తెలుగు రాదు కాబట్టి బతికిపోయి పాసయ్యాను.

పాసై ఏం లాభం? తీసుకుంటామన్న హోటలే మూతపడింది. నెలలు గడిచాక వాళ్ళే పిలిచారు. హోటల్ని కరోనా వచ్చినవాళ్ళని ఉంచే చోటుగా మార్చారట. గది ముందు స్టూలు మీద భోజనం ప్యాకెట్ పెట్టాలి, తలుపు తట్టాలి, వచ్చేయాలి. అంతే పని. గది దగ్గర నిలబడి కబుర్లాడితే ఆ రోజే ఇంటికి పంపేస్తానని సూపర్‌వైజర్ ముందే చెప్పేశాడు.

"దీనికేటే అంత సదువు?" అన్నాడు నాన్న.

"ఉన్న పనికి వంకలెట్టకు నాన్నా" అని కసిరాను గానీ, లోపల ఏడుపొచ్చింది. నేర్చుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరే కదా అనిపించింది.

ఒక మధ్యాహ్నం తలుపు తట్టి వెనక్కి తిరగబోతుంటే లోపలి నుంచి ఒక ముసలావిడ గొంతు బెంగాలీలో వినిపించింది. "వెళ్ళిపోకమ్మా, కాస్త ఆగు. నోటికి రుచి లేదు, ముక్కుకి వాసన లేదు. మట్టి తిన్నట్టుంది. ఇవాళ ఏం పెట్టావో చెబితే అదే తలుచుకుంటూ తింటాను."

వరండా చివర సూపర్‌వైజర్ నావైపే చూస్తున్నాడు. పోతే పోనీ వెధవ ఉద్యోగం అనుకున్నాను. రెండడుగులు వెనక్కి వేసి, తలుపుకి ఎదురుగా నిటారుగా నిలబడి, ఇక్కడ పెద్దావిడల్ని పిన్నీ అని పిలిచే పిలుపుతో మొదలుపెట్టాను.

"మాషీమా, వేడన్నం. పెసరపప్పు, జీలకర్ర పోపు. ఆవపిండి పెట్టిన చేప, ఘాటుగా ఉంటుంది, జాగ్రత్త. చివర్లో తియ్యటి టమాటా చట్నీ, కిస్మిస్ కూడా వేశారు."

తలుపు కొంచెం తెరుచుకుంది. ఒక చెయ్యి ప్యాకెట్ అందుకుని లోపలికి పోయింది.

"చేపలో ముళ్ళు ఎక్కువా అమ్మా? ఇక్కడ చూసిపెట్టేవాళ్ళు లేరు."

వంటింట్లో వంటలు చూశాను గానీ, ఆ ముక్క నేను చూడనే లేదు. అప్పటికే సూపర్‌వైజర్ నా పక్కకి వచ్చేశాడు. నా వంక చూడలేదు. తలుపు వైపు తిరిగి, "పొట్ట ముక్కే మాషీమా, ముళ్ళు తక్కువే. తొందరేం లేదు, మీరు తినేదాకా ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అన్నాడు.