సుభాషిణి నడిపిన సర్వర్లు

తన సర్వర్లు ఏనాడూ ఆగలేదని సుభాషిణికి కాస్త గర్వంగానే ఉండేది. పన్నెండేళ్లు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పింది. అది మూతపడ్డాక, నలభై మూడేళ్ల వయసులో, యూట్యూబ్ చూసి సర్వర్లు నడిపే ఈ పని తనంతట తానే నేర్చుకుంది. సుబేదారిలో రాజేశ్వర్ రావు ఆఫీసులో ఉద్యోగం దొరికింది అందువల్లే.

డాలర్లు, యెన్‌లు దానంతట అదే కొని అమ్మే సాఫ్ట్‌వేర్‌ను రాజేశ్వర్ రావు జనానికి అంటగట్టేవాడు. అది రాత్రింబవళ్లు నడవాలి. మన దగ్గరైతే కరెంటు పోతుంది, నెట్ పోతుంది. అందుకని లండన్‌లో ఒక కంపెనీ కంప్యూటర్లను నెల అద్దెకు తీసుకుని, విదేశీ బ్రోకరు దగ్గర ఒక్కొక్కరి పేరున తెరిచిన ఖాతాను ఒక్కోదాంట్లో ఎక్కించి, వాటిని ఇక్కడి నుంచే చూసుకోవడం సుభాషిణి పని.

కాశిబుగ్గ గట్టయ్య ఆమె తండ్రితో కలిసి జంపఖానాలు నేసినవాడు. రెండు మగ్గాలు అమ్మిన డబ్బు, దాచుకున్నది కలిపి నాలుగు లక్షలు పట్టుకుని వచ్చాడు. రాజేశ్వర్ రావు చూపించిన గ్రాఫుల వైపు తలైనా తిప్పలేదు. నేరుగా సుభాషిణి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"నాకివేం సమజ్ గావు బిడ్డా. నువ్వు చెప్పు. మధ్యల ఆగిపోతదా?"

"ఆగది కాకా. ఈ ఆఫీసుకు తాళమేసినా అది నడుస్తనే ఉంటది. ఏం ఫికర్ లేదు."

ఆమె చెప్పింది కంప్యూటరు సంగతి. గట్టయ్య దాన్ని తన డబ్బు సంగతిగా విన్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది. తెలిసీ సరిదిద్దలేదు. అద్దాల గదిలోంచి రాజేశ్వర్ రావు చూస్తున్నాడు.

ఐదు నెలలు ఖాతా పెరిగింది. గట్టయ్య వారానికోసారి జామకాయల సంచీతో వచ్చి, స్క్రీన్ చూసి మురిసిపోయి వెళ్లేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం యెన్ అడ్డం తిరిగింది. నష్టం వచ్చిన కొద్దీ ఆ సాఫ్ట్‌వేర్ రెట్టింపు కొంటుంది. ధర వెనక్కి వస్తే గట్టెక్కుతుంది. ఇదివరకు ప్రతిసారీ వచ్చింది. ఈసారి రాలేదు. గట్టయ్య ఫోన్ చేశాడు. తన ఫోన్లో ఖాతాను చూడగలడే గాని, ఏమీ ముట్టుకోలేడు. అసలు పాస్‌వర్డ్ ఆఫీసు దగ్గరే ఉండేది.

"బిడ్డా, మొత్తం ఎర్రగ అయితాంది. ఆపరాదు!"

సుభాషిణి అద్దాల గదిలోకి పరుగెత్తింది. "సార్, గట్టయ్య కాక ఆపమంటాండు. ఇప్పుడాపితే సగమన్న మిగుల్తది."

"ఒక్కనికి ఆపితే అందరు ఆపమంటరు. నువ్వు సర్వర్ చూస్కో. మార్కెట్ నేను చూస్కుంట."

వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆపే బటన్ ఎదురుగానే ఉంది. ఈ వయసులో ఇంకెవరు ఉద్యోగమిస్తారన్న ఆలోచన కూడా ఎదురుగానే ఉంది. ఫోన్ మళ్లీ మోగింది. "జర ఓపిక పట్టు కాకా, సార్ చూస్తాండు" అంది.

నలభై నిమిషాల్లో అంతా అయిపోయింది. ఖాతాలో పదకొండు డాలర్లు మిగిలాయి. సర్వర్ మాత్రం ఆగలేదు. ఆ పదకొండు డాలర్లతోనే ఇంకో బేరానికి సాఫ్ట్‌వేర్ కాచుకుని ఉంది.

మరుసటి వారం గట్టయ్యను ఆమే వకీలు దగ్గరికి తీసుకెళ్లింది. కాగితాలు తిరగేసి ఆయన పెదవి విరిచాడు. "ఇట్ల బయటి దేశపోళ్లతోని డాలర్ల దందా చేసుడే తప్పు పెద్దాయన. ఖాతా నీ పేరు మీదున్నది. కేసంటే ముందు నిన్నే అడుగుతరు."

మెట్లు దిగాక గట్టయ్య ఆగాడు. "ఆ రావు ఎవడో నాకెరుకలేదు. నేను నీ మొకం చూసి పెట్టిన. ఆపుమన్ననాడు, ఆపుడు నీ చేతిల లేకుండెనా?"

"ఉండె కాకా."

ఆయన ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రే సుభాషిణి ఆ గురువారం దెబ్బకు ఖాతా ఖాళీ కాని ఇరవై ఆరు మందికీ ఫోన్ చేసి, ఆఫీసులో అడిగి డబ్బు తీసేసుకోమంది. ఇద్దరు విన్నారు. ఒకాయన, "మాకు నాలుగు పైసలు వస్తే నీ కండ్లు మండుతానయా?" అని తిట్టాడు. తెల్లవారి ఉద్యోగం మానేసింది. రాజేశ్వర్ రావు పాస్‌వర్డ్‌లు అడిగితే కాగితం మీద రాసిచ్చింది. వారం తిరగకుండా ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

ఇప్పుడు ఒక జిరాక్స్ సెంటర్లో సగం జీతానికి పనిచేస్తోంది. గట్టయ్య కొత్తవాడలో పరాయి మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. మొన్న పోచమ్మ మైదాన్ బస్టాప్‌లో ఎదురుపడితే "కాకా" అని పిలిచింది. ఆయనకు వినపడింది. జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకుని, తన ఇంటి వైపు పోని బస్సెక్కేశాడు.