గ్యాలరీని ఊపిన ఆదివారం

మా కంపెనీ స్టేడియాలు కడుతుంది. మా టాటానగర్‌లో, బిర్సానగర్ అవతల కట్టినదానికి నేను నాణ్యత చూసే ఇంజనీరుని. అంతకు ముందు వేరే రాష్ట్రాల్లో రెండు చోట్ల పనిచేశాను. పొద్దున్న మా ఇంట్లో చద్దన్నం తిని స్కూటీ మీద సైటుకి వెళ్ళడం మాత్రం అదే మొదటిసారి.

కట్టడం అయ్యాక పై గ్యాలరీకి ఒక పరీక్ష మిగిలింది. దాని ముందు భాగం కింద స్తంభాలుండవు, బాల్కనీలా మైదానం మీదకి చొచ్చుకొచ్చి ఉంటుంది. ఇసుక బస్తాలు పేర్చి చేసిన బరువు పరీక్ష అప్పటికే నెగ్గింది. కానీ బస్తాలు గెంతవు కదా. గోలు పడితే జనం గెంతుతారు. అందరూ ఒక్కసారిగా గెంతితే గ్యాలరీ ఎంత ఊగుతుందో కొలవాలి. అందుకు రెండు వందల మంది కావాలి.

పనివాళ్ళ కుటుంబాలనే పిలుద్దామని నేనే అన్నాను. మిగతా రెండు చోట్లా ప్రారంభోత్సవం నాటికి కట్టినవాళ్ళు మరో ఊరి పనికి వెళ్ళిపోయారు. ఆ సంగతి నా మనసులో ఉండిపోయింది. మేనేజరుగారు ఒప్పుకుని, ఆదివారం పొద్దున్న పరీక్ష, తర్వాత అందరికీ భోజనాలు అన్నారు.

ఇంట్లో చెబితే నాన్న నవ్వారు. ఆయన గోల్‌మురిలో రేకుల కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యారు. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో తప్పెటగుళ్ళు ఆడేవారు. ఛాతీకి రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ గెంతే ఆట అది.

"ఏటే, మీ మేడ ఊగతాదో లేదో సూడ్డానికి మమ్మల్ని గెంతమంతారా?" అన్నారు. ఆదివారం అందరికంటే ముందు తయారై, అంతమంది జనం చేరుతున్నారు కదా అని తప్పెట కూడా సంచిలో వేసుకున్నారు.

గ్యాలరీ నిండింది. ఒక వెల్డరు తన భార్యను మూడో వరుసకి తీసుకెళ్ళి, వంగి, తాను వేసిన అతుకు చూపించాడు. ఆమె దాన్ని వేలితో తడిమి చూసింది. ఇటుకలు మోసిన ఒకావిడ మంచి చీర కట్టుకుని వచ్చి, ఎవరూ కదపలేరన్నట్టు మధ్య కుర్చీలో కూర్చుంది.

కంపనాలు కొలవడానికి కలకత్తా నుంచి వచ్చిన నిపుణుడు మైకులో "ఏక్, దో, తీన్" అన్నాడు. ముందువాళ్ళు తీన్ మీద గెంతారు, వెనకవాళ్ళు తర్వాత గెంతారు, నవ్వొచ్చి సగం మంది కూర్చుండిపోయారు. ఈల ఊదినా అంతే. ఐదుసార్లయింది. కంప్యూటరు తెర మీద గీత చిందరవందరగానే ఉంది. మేనేజరుగారు గడియారం చూసుకున్నారు. పిలుద్దామన్నది నేనే కాబట్టి ఆయన వైపు చూడకుండా తెర మీదకే వంగాను.

నాన్న మెట్లు దిగి నా దగ్గరికొచ్చారు.

"లెక్కెడితే కాళ్ళు కలవవమ్మా. దరువుంటే ఆటంతటవే కలుత్తాయి."

ఆయన మోకాళ్ళ నొప్పుల సంగతి గుర్తుచేశాను.

"నాను వాయిత్తాను. గెంతడం ఆళ్ళ పని."

ఒక నిమిషం పాటు ఒకే వేగం నిలపగలరా అని నిపుణుడు అడిగాడు. నేను తెలుగులో చెప్పేసరికి నాన్న, ఆ మాత్రం చేతకాదా అన్నట్టు ముఖం ముడుచుకున్నారు. సంచిలోంచి తప్పెట తీసి కట్టుకున్నారు.

దరువు నెమ్మదిగా మొదలైంది. ముందు మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు అందుకున్నారు, తర్వాత ఒడియావాళ్ళు, సంతాలీవాళ్ళు, బీహారువాళ్ళు. నాలుగో ఆవర్తానికి రెండు వందల జతల కాళ్ళు ఒకే చప్పుడు చేశాయి. టాటానగర్ ప్లాట్‌ఫారం మీద గూడ్సు బండి పోతున్నప్పటిలా నా అరికాళ్ళకి సన్నగా అదురు తెలిసింది. ఒక్క క్షణం భయమేసింది. తెర వైపు చూశాను. గీత రంపం పళ్ళలా వరసగా వస్తోంది. ఊగడం అనుమతించిన దాంట్లో సగం కూడా లేదు.

వేగం పెంచమన్నాడు నిపుణుడు. నాన్న పెంచారు. కొలవడం అయిపోయిందని మైకులో చెప్పినా ఎవరూ ఆగలేదు. నిపుణుడు కంప్యూటరు వదిలేసి తనూ వరుసలోకి దూరాడు. వాయించడమే తన పని అన్న నాన్న కూడా గెంతుతున్నారు. ఆయన్ని ఆపబోతే, ఆయనతో పాటు వచ్చిన అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వదిలీ. ఇంటికెళ్ళాక నూనె రాత్తాన్లే."

భోజనాల దగ్గర నిపుణుడు రిపోర్టు నింపుతూ, జనాన్ని దేనితో గెంతించామని రాయాలో అడిగాడు. తప్పెట అన్నాను. స్పెల్లింగు రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. నాన్న రెండు రోజులు మంచం దిగలేదు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఆదివారం సంగతి మొదటినుంచీ చెప్పారు.