చెడ్డ రోజు రాయమన్న ఆంటీ

మా అమ్మాయి గురించి నేను చాలా అబద్ధాలు చెప్పాను. అన్నీ మంచివే. వాటిలో ఒక్క రోజు చెప్పినవి మాత్రం మా కొంప ముంచాయి.

మాది అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్. అమ్మాయికి పద్నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచీ కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు. మాట రాదు. వీల్‌చైర్‌కి బిగించిన టాబ్లెట్ మీద ఒక్క వేలితో బొమ్మలు నొక్కితే అది తన తరఫున పలుకుతుంది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌లోకి ఎత్తేది నేనే. మా ఆయనది చిప్పుల ఫ్యాక్టరీలో పన్నెండు గంటల షిఫ్టు. మాలాంటి ఇళ్లకి రాష్ట్రం రెస్పైట్ పేరుతో ఏడాదికి ఇన్ని గంటలని మంజూరు చేస్తుంది. ఆ గంటల్లో పని తెలిసిన మనిషి వచ్చి పిల్లను చూసుకుంటుంది, ఇంట్లోవాళ్లు కాస్త నడుం వాలుస్తారు. ఎన్ని గంటలు ఇవ్వాలో తేల్చడానికి ఏటా ఒక కోఆర్డినేటర్ ఇంటికి వచ్చి ప్రశ్నలు అడుగుతుంది.

ఆవిడ వస్తోందని నేను పెళ్లిచూపులకి సర్దినట్టు ఇల్లు సర్దాను. అమ్మాయికి తలంటి, కొత్త చుడీదార్ వేసి, చెవి వెనక దిష్టి చుక్క పెట్టాను. జీడిపప్పు వేసి ఉప్మా చేశాను. తనే తింటుందా అని ఆవిడ అడిగితే, తింటుంది అన్నాను. స్పూను తన చేతికి కట్టి, ఆ చేతిని నేను పట్టుకుంటేనే తింటుందని చెప్పలేదు. రాత్రి నిద్రపోతుందా అంటే హాయిగా అన్నాను. మీకెలా ఉంది అంటే, ఫైన్ అన్నాను. ఇంటికొచ్చిన మనిషి ముందు పిల్లకి ఇది రాదు, అది రాదు అని ఏకరువు పెట్టడం నాకు ఎవరూ నేర్పలేదు. పైగా ఆ పిల్ల పక్కనే కూర్చుని అంతా వింటుంటే నోరెలా వస్తుంది?

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. గంటలు సగానికి పైగా కోసేశారు. ఆవిడ తప్పేమీ లేదు, నేను చెప్పిందే రాసుకుంది. అదే వారం డాక్టరు నా హెర్నియాకి ఆపరేషన్ తప్పదన్నారు. ఆ తర్వాత ఆరు వారాలు నాలుగు లీటర్ల పాల క్యాన్ కంటే బరువైనదేదీ ఎత్తకూడదట. మా అమ్మాయి పాల క్యాన్ కాదు. కోసేసిన గంటలు తిరిగి వస్తేనే ఆపరేషన్, లేకపోతే లేదు.

గుళ్లో ఎవరో చెబితే ఒక ఆంటీ దగ్గరికి వెళ్లాను. ఆవిడకి డెబ్బై దాటాయి, ఫార్మసిస్టుగా రిటైర్ అయ్యారు. కొడుకుకి నలభై దగ్గర పడుతున్నాయి. అతనికీ ప్రతి పనికీ మనిషి సాయం కావాలి. అతని క్లెయిములన్నీ ఇన్నేళ్లుగా ఆవిడే చూసుకుంటున్నారు. డైనింగ్ టేబుల్ మీద ఏ ఏడాదికి ఆ ఏడాది ఫైలు. చేసిన ప్రతి ఫోనుకీ తేదీ, టైము, అవతల మాట్లాడిన మనిషి పేరు. సాయానికి వచ్చినామె సంతకం పెట్టిన ప్రతి టైమ్‌షీటుకీ ఒక కాపీ. నేను ఆఫీసుల్లో చాలామంది మేనేజర్లని చూశాను. ఆవిడ కాలి గోటికి సరిపోయేవాళ్లు ఒక్కరూ కనిపించలేదు.

ఆంటీ నా ఉత్తరం చదివి కళ్లద్దాలు తీశారు.

"ఉప్మా పెట్టావా?"

"పెట్టిన ఆంటీ."

"జీడిపప్పు వేసి?"

నేను తల దించుకున్నాను.

"నేను మొదటేడు గారెలు వండి పెట్టానమ్మా. మనవాళ్లంతా చేసే పనే ఇది. మన పిల్లని మెచ్చుకోవాలని చూస్తాం. ఆవిడ వచ్చింది మెచ్చుకోడానికి కాదు, సాయం ఎంత కావాలో చూడ్డానికి."

"ఇంటి గుట్టు లంకకు చేటంటరు కద ఆంటీ."

"అడగందే అమ్మయినా పెట్టదని కూడా అంటారు. మంచి రోజులు ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టుకో. ఇందులో చెడ్డ రోజు రాయి. అప్పీల్‌కి ఇంకా టైముంది."

అని చేతిలో ఒక నోట్‌బుక్ పెట్టారు. మొదటి రోజు నేను "స్నానం చేయించాను" అని రాసి ఫొటో పంపితే, ఎర్ర గీతలతో తిరిగి వచ్చింది. ఎవరు ఎత్తారు? ఎన్నిసార్లు? జారిందా? ఎంతసేపు పట్టింది? నాకు ఒళ్లు మండింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఫోన్ చేసి ఏడ్చేశాను.

"నా బిడ్డ గురించి ఇట్ల రాయాల్నంటే చేతులొస్తలేవు ఆంటీ."

"నువ్వు రాసేది పిల్ల గురించి కాదమ్మా, నీ నడుం గురించి."

ఆ మాట తర్వాత రాయగలిగాను. రెండు వారాలు ఏదీ దాచకుండా రాశాను. అప్పీల్ పంపాక, మళ్లీ చూస్తామని అదే కోఆర్డినేటర్ వచ్చింది. ఈసారి మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టొద్దని ఆంటీ ఆర్డరు. ఆవిడా వచ్చి ఓ మూల కుర్చీలో కూర్చున్నారు.

నేను నోట్‌బుక్ చదవడం మొదలుపెట్టాను. గురువారం పేజీ దాకా బాగానే చదివాను. ఆ రోజు స్నానం చేయిస్తుంటే అమ్మాయి నా చేతుల్లోంచి జారింది. పట్టుకోబోయి నేనూ పడ్డాను. మళ్లీ ఎత్తే శక్తి రాక ఇద్దరం ఆ తడి నేల మీదే చాలాసేపు కూర్చున్నాం. అది చదవబోతూ అమ్మాయి వైపు చూశాను. పేజీ తిప్పేసి, "మిగతాదంతా ఫైన్," అన్నాను.

అమ్మాయి వేలు టాబ్లెట్ వైపు కదిలింది. ఆ వేలు ఒక బొమ్మ మీంచి ఇంకో బొమ్మ మీదికి చేరడానికి చాలా టైము పడుతుంది. అందరం అలాగే కూర్చున్నాం.

"అమ్మ. సేస్. ఫైన్."

మళ్లీ కాసేపటికి,

"అమ్మ. నాట్. ఫైన్."

తన లోటు తన చెవిన పడకూడదని నేను పద్నాలుగేళ్లు తాపత్రయపడ్డాను. పిల్ల మాత్రం నా మూలుగులు వింటూనే ఉంది. నాకు సిగ్గేసింది. నా కూతురిని చూసి నాకంత గర్వం ఎప్పుడూ కలగలేదు. గురువారం పేజీ వెనక్కి తిప్పి, ఆ తడి నేలతో సహా మొత్తం చదివాను.

గంటలు తిరిగి వచ్చాయి. ఆపరేషన్ అయింది. రోజూ ఒకామె వచ్చి అమ్మాయిని ఎత్తి, దించి, నవ్వించి వెళ్తోంది. ఆమె టైమ్‌షీట్లు సరిచూసి పంపే పని ఆంటీ తనే పెట్టుకున్నారు. ఆపరేషన్ అయిన నాలుగో రోజు క్యారియర్‌లో పప్పుచారు పట్టుకుని వచ్చారు.

"ఎలా ఉన్నావమ్మా?"

"మంచిగనే ఉన్న ఆంటీ," అన్నాను, అలవాటుగా.

పక్కన కుర్చీలోంచి అమ్మాయి నా వైపు చూసింది. వేలు మెల్లగా టాబ్లెట్ మీదికి వెళుతోంది. అది చేరేలోపే నేను మాట మార్చుకున్నాను.

"నొప్పిగున్నది ఆంటీ. లేవస్తలేదు. జర పట్టుకోండి."

ఆంటీ క్యారియర్ కింద పెట్టి చెయ్యి అందించారు.